రెండు కామాలు తీసేస్తే

ఇంగ్లండులో సముద్రపొడ్డున ఉన్న స్టెయిన్‌విక్ ఊళ్లో ఎవరికి ఏది పోయినా ముందు పోలీసుల దగ్గరికి వెళ్లరు. మెసెంజర్ పత్రిక ఆఫీసుకు వస్తారు. అక్కడ వీధి గదిలో పొడవాటి చెక్కబల్ల వెనక ఎనిడ్ గార్బట్ కూర్చుని ఉంటుంది. చెవి మీద పెన్సిలు, పక్కన చల్లారిన టీ. పద్దెనిమిదో ఏట ఆ బల్ల వెనక చేరింది, ముప్పై ఎనిమిదో ఏడు వచ్చినా లేవలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లతో, "శుక్రవారం పత్రిక ఆగదు కదండీ" అనేది. వచ్చినవాళ్ల గోడు విని, దాన్ని చిన్న ప్రకటనగా మలచడం ఆమె పని. పత్రిక రాగానే ఊరంతా మొదటి పేజీ వదిలేసి వెనకపేజీలో ఆ ప్రకటనలే చదివేది.

"మనిషి పేరు తెలియదమ్మాయ్," అంది ఒకసారి చేపల కొట్టు మిసెస్ ప్లమర్, బల్ల మీద రెండు చేతులూ మోపి. "ఎర్ర మొహం. విట్బీ బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. నా గొడుగు పట్టుకుని చక్కా దిగిపోయాడు."

"అలాగే రాద్దాం. 'మంగళవారం విట్బీ బస్సులో పొరపాటున గొడుగు పట్టుకెళ్లిన పెద్దమనిషి...'"

"పెద్దమనిషేంటి నా మొహం! దొంగ అని రాయి."

"దొంగ అంటే ఎవరొస్తారండీ? పెద్దమనిషి అంటే సిగ్గుపడైనా తెచ్చిస్తాడు."

ప్రకటన పడింది. ముగ్గురు పెద్దమనుషులు సిగ్గుపడి మూడు గొడుగులు తెచ్చారు. మిసెస్ ప్లమర్ వాటిలో మంచిది ఏరుకుంది.

ఎనిడ్ బతుకంతా ఇంగ్లీషులోని ఒక చిన్న మాట మీద నడిచింది. ఆ మాట 'హూ'. మనం తెలుగులో 'గొడుగు పట్టుకెళ్లిన పెద్దమనిషి' అంటాం. సంగతి ముందొస్తుంది, మనిషి తీరిగ్గా వెనక నడిచొస్తాడు. ఇంగ్లీషులో మనిషి ముందొచ్చి నిలబడతాడు. అతనికి 'హూ' అని ఒక కొక్కెం తగిలించి, అతను చేసిన ఘనకార్యాన్ని ఆ కొక్కేనికి వేలాడదీస్తారు. మనిషైతే హూ, వస్తువైతే విచ్, ఏదైతేనేం అనుకుంటే దట్. తొందరలో ఉన్నవాళ్లు కొక్కెం లేకుండానే కానిచ్చేస్తారు. పేరు తెలియని మనిషిని పట్టుకోవడానికి అంతకంటే మంచి గాలం లేదని ఎనిడ్ నమ్మకం.

ఆ నమ్మకం తల్లి పెట్టిన భిక్ష. తల్లి మురియెల్ చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. ఎర్ర పెన్సిలు లేకుండా చర్చికి కూడా వెళ్లేది కాదు. ఎనిడ్‌కు ఏడేళ్లప్పుడు ఒకరోజు పొద్దున పొగబెట్టిన చేపలు వేయిస్తూ పాఠం చెప్పింది.

"పెనం మీద ఆరు చేపలున్నాయి. రెండు మాడాయి. 'మాడిన చేపలు పిల్లికి వేశాను' అని రాయాలి. 'విచ్' ముందు కామా పెడతావా?"

"పెట్టను."

"ఎందుకు పెట్టవు?"

"పెడితే... ఆరూ మాడిపోయినట్టు."

"అంతే. కామా లేకపోతే మాడినవాటినే ఏరి వేశానని. కామా పెడితే చేపలన్నీ పిల్లికే, పనిలో పనిగా అవి మాడాయన్న కబురు కూడా చెబుతున్నానని. కామా పెట్టావంటే మనకు పస్తే."

ఎనిడ్ ఆ పాఠం ఎన్నడూ మరవలేదు. ఆఫీసు బల్ల దగ్గర 'హల్ పట్నంలో ఉండే నా కొడుకు' అని ఎవరైనా రాసిస్తే చాలు, "మీకు కొడుకులెంతమందండీ?" అని అడిగేది. ఒక్కడే అయితే కామాలు పెట్టేది. ఇద్దరు ముగ్గురుంటే, వాళ్లలో హల్‌లో ఉండేవాడని అర్థం రావాలి కాబట్టి కామా పెట్టేది కాదు. "కామా కోసం మా ఇంటి జనాభా లెక్క తీస్తుందేంట్రా ఈ పిల్ల!" అని జనం నవ్వుకునేవాళ్లు.

పంతొమ్మిది వందల అరవై నాలుగు జనవరిలో మంచుకు రేవు మెట్ల మీద మురియెల్ కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది. పడవలు కట్టే భర్త ఎజ్రా చనిపోయి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. ఇరుగుపొరుగు వచ్చి బొగ్గు మోశారు, కూర వండిపెట్టారు, పరామర్శ పేరుతో సొరుగులన్నీ చూసి వెళ్లారు. కట్టు విప్పాక మురియెల్ అందరికీ కృతజ్ఞతలు చెబుతూ ఒక ప్రకటన రాసి కూతురి చేతిలో పెట్టింది.

ఎనిడ్ మర్నాడు ఆఫీసులో దాన్ని చదివింది. ఇరుగుపొరుగుకు కృతజ్ఞతలు, డాక్టరుగారికి కృతజ్ఞతలు, చివర్న 'మెసెంజర్‌లో పనిచేసే నా కూతురికి' కూడా. తన ఊసు పత్రికకు ఎక్కుతున్నందుకు కాస్త సిగ్గేసింది. అంతలో చూసుకుంది, 'పనిచేసే' అన్న ముక్కకు అటూ ఇటూ కామాలు లేవు. 'పాపం, చెయ్యి ఇంకా నొప్పిగా ఉన్నట్టుంది' అనుకుని చెవి మీది పెన్సిలు తీసి రెండు కామాలు పెట్టి, అచ్చుకు పంపేసింది.

శుక్రవారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర మురియెల్ కళ్లజోడు పెట్టుకుని పత్రిక విప్పింది. ఎనిడ్ బంగాళాదుంప ముక్క ఫోర్కుకు గుచ్చుతోంది.

"ఈ కామాలు ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా. నువ్వు మర్చిపోయావు."

"నేను మర్చిపోలేదు."

"మర్చిపోయావమ్మా. 'నా కూతురు' అన్నచోట..."

"ఎక్కడో నాకు తెలుసు. వచ్చేవారం సవరణ వేయించు."

ఎనిడ్ నవ్వింది. "సవరణా? కామాలు తీసేస్తే నీకు ఇంకో కూతురు ఉన్నట్టు అర్థం వస్తుందమ్మా."

"అర్థం ఎలా వస్తుందో నీకు నేర్పిందెవరు?"

ముక్క నోటిదాకా వచ్చి ఆగింది. ఎనిడ్ తల్లి మొహంలోకి చూసింది. మురియెల్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. అది హాస్యమాడే మొహం కాదు. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి కామాల విషయంలో హాస్యమాడింది లేదు.

"అమ్మా! నాకు... నాకు..."

"పెళ్లికి ముందే మీ నాన్నకు ఒక మాటిచ్చాను," అంది మురియెల్ నెమ్మదిగా. "అంతా విని కూడా నన్ను చేసుకున్నాడు. ఒక్కటే కోరాడు. ఆ సంగతి ఇంక నా నోట రాకూడదన్నాడు. సరేనన్నాను. ఆయన పోయినంత మాత్రాన మాట పోతుందా? అందుకని నోట చెప్పలేదు."

"అందుకని కామా తీసేశావా!"

"తీసేయలేదు. పెట్టలేదు. రెండూ ఒకటి కాదు."

ఎనిడ్ కుర్చీ వెనక్కి పడేలా లేచింది. చెవి మీది పెన్సిలు లాగి తల్లి చేతిలో కుక్కింది. "నోట చెప్పకు. రాయి! ఎప్పుడు? ఎక్కడ? ఆడపిల్లే కదా? ఎలా ఉండేది?"

మురియెల్ పత్రిక అంచున తెల్లగా మిగిలిన చోట రాయడం మొదలుపెట్టింది. విరిగి అతికిన చెయ్యి, అక్షరాలు వంకరపోతున్నాయి. ఎనిడ్ భుజం మీదుగా వంగి ఒక్కో మాటా పైకి చదువుతోంది. పంతొమ్మిది వందల ఇరవై ఒకటి, మార్చి. యార్క్‌లో చర్చివాళ్లు నడిపే ఇల్లు. ఎడమ చెవి తమ్మెకు చిన్న నొక్కు. లీడ్స్ నుంచి ట్రాము డ్రైవరూ అతని భార్యా వచ్చారు. ఆవిడకు ఆకుపచ్చ టోపీ. నాకంటే ఆవిడే ఎక్కువ ఏడ్చింది. వాళ్ల పేరు నాకు చెప్పలేదు.

చివర్న 'తీసుకెళ్లిన బిడ్డ' అని రాసినచోట ఎనిడ్ ఆగింది. తల్లి అక్కడ 'విచ్' వేసింది.

"విచ్ ఏంటమ్మా? అది వస్తువుకు కదా."

"పసిబిడ్డకు అలా రాయడం పాత పద్ధతే. తప్పేం కాదు."

ఎనిడ్ వేలు ఆ మాట మీదే ఉంచింది. మళ్లీ మురియెల్లే అంది, "హూ అని రాస్తే మొహం గుర్తొస్తుందే."

ఎనిడ్ పెన్సిలు తీసుకుని ఆ మాట కొట్టేసి, పైన 'హూ' అని రాసింది. మురియెల్ ఆపలేదు. కూతురి చెయ్యి మీద తన చెయ్యి వేసి ఊరుకుంది.

మర్నాడు ఎనిడ్ ఆఫీసుకు నడిచి వెళ్లలేదు, పరిగెత్తింది. అచ్చుగదిలో క్లిఫ్ డేల్ సీసపు అక్షరాలు పేరుస్తున్నాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఆమెను ఆటపట్టించడం అతని దినచర్య.

"క్లిఫ్! నాకు అక్క పుట్టింది!"

"అక్క పుట్టడమేంటి తల్లీ? రాత్రి ఏం తాగావు?"

"నిజం! నిన్న సాయంత్రం పుట్టింది. నలభై మూడేళ్లు!"

సంగతంతా విన్నాక క్లిఫ్ చేతిలో ఉన్న అక్షరం కింద పెట్టాడు. "అంటే ఆ కామాలు నేను నా చేత్తో పేర్చి మీ అక్కను ఊళ్లోకి రాకుండా ఆపానన్నమాట," అన్నాడు. సవరణ తనే పేర్చాడు. 'మిసెస్ మురియెల్ గార్బట్ ప్రకటనలో నా కూతురు అన్న మాట దగ్గర పడిన రెండు కామాలు మా పొరపాటు. అవి ఉండకూడదు.' శుక్రవారం అది చదివి ఊరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మాంసం కొట్టాయన ఎనిడ్‌ను వీధిలో ఆపి, "మీ అమ్మ వద్దన్న కామాలు ఊరికే పోతున్నాయిగా, నా బోర్డుకు ఇస్తావా?" అన్నాడు. ఒక్కరికీ అసలు విషయం తట్టలేదు. మురియెల్ మాత్రం ఆ చిన్న సవరణను కత్తిరించి బైబిలులో పెట్టుకుంది.

ఇక వెతకడం. పేరు తెలియదు, ఊరు తెలుసు. ఎనిడ్ జీవితంలో ఎందరికోసమో వేసిన గాలం ఇప్పుడు తనకోసం వేయాలి. ఆదివారమంతా వంటింటి బల్ల మీద కాగితాలు చింపింది. తల్లి 'నేను ఎవరికైతే ఇచ్చానో' అని రాయమంది. కూతురు 'ఎవరు తీసుకెళ్లారో' అంటే చాలంది. ఇద్దరూ పోట్లాడుకున్నారు, టీ తాగారు, మళ్లీ పోట్లాడుకున్నారు. చివరికి కుదిరింది: 'యార్క్‌లో ఇరవై ఒకటి మార్చిలో పుట్టిన, లీడ్స్ ట్రాము డ్రైవరు ఇంట పెరిగిన, ఎడమ చెవి తమ్మెకు నొక్కు ఉన్న ఆడమనిషి మెసెంజర్ ఆఫీసుకు కబురు చేస్తే సంతోషకరమైన విషయం తెలుస్తుంది.'

క్లిఫ్ చదివి తల ఊపాడు. "మూడు హూలు! గుడ్లగూబ కూసినట్టుంది."

"కూయనీ. లీడ్స్ దాకా వినపడాలిగా."

లీడ్స్‌లో సాయంకాలం వచ్చే పెద్దపత్రికలో అది పడింది. ఇక ఎనిడ్‌కు నిద్ర లేదు, తిండి లేదు. తపాలా మనిషి వీధి మలుపు తిరగకముందే ఎదురెళ్లేది. ముందుగా వచ్చిన జాబు బ్రాడ్‌ఫర్డ్ నుంచి, ఒక మగాయన దగ్గర్నుంచి. 'నాకు చెవికి నొక్కుంది కానీ నేను ఆడమనిషిని కాను. అయినా సంతోషకరమైన విషయమంటున్నారు గనక రాస్తున్నాను.' తర్వాత పనిమానిన ట్రాము డ్రైవరొకాయన ఎవరినీ వెతక్కుండా, ట్రాములు తీసేసి లీడ్స్‌ను ఎలా నాశనం చేశారో నాలుగు పేజీలు రాశాడు. ఎనిడ్ అన్నీ పైకి చదివి వినిపించేది. మురియెల్ వింటూ అల్లిక అల్లేది. ఎవరికని అడిగితే, "చలికాలం ఎవరికైనా పనికొస్తుంది" అనేది. అల్లుతున్నది మాత్రం ఆడవాళ్ల స్వెటరు, ఎనిడ్‌కు రెండింతల కొలత. ఊహించుకుని అల్లుతోందన్నమాట.

ఈస్టరు ముందు వారం పోస్టుకార్డు వచ్చింది. ఎనిడ్ వీధిలోనే చదివింది. చదివి, తపాలా మనిషిని కావలించుకుంది. ఆయన సైకిలు కింద పడింది.

'ట్రాము డ్రైవరు తీసుకెళ్లిన ఆడమనిషిని నేనే అనుకుంటున్నా. చెవి సంగతి నాకు తెలియదు, మా ఆయన ఇప్పుడే అద్దం తెచ్చి చూపించాడు. ఉంది. నన్ను కన్నావిడ పంతులమ్మ అని పోయేముందు మా అమ్మ చెప్పింది. ఆ సంతోషకరమైన విషయమేదో తొందరగా చెప్పండి, నాకు పొద్దున్నే బస్సు డ్యూటీ. మేవిస్ హెప్‌వర్త్, కండక్టరు.'

కార్డు పొడుగునా హూ ఉండాల్సిన చోటల్లా 'వాట్' ఉంది. వీధుల్లో, రేవుల్లో జనం మాట్లాడుకునేటప్పుడు అలాగే అంటారు కానీ, ఎవరైనా అలా రాస్తే మురియెల్ ఊరుకునే మనిషి కాదు. పార్లమెంటు మెంబరు పంపిన కరపత్రాన్ని కూడా దిద్ది వెనక్కి పంపిన చెయ్యి అది. ఎనిడ్ కార్డు ఆమె ముందుపెట్టి ఊపిరి బిగబట్టింది. మురియెల్ చదివింది. మళ్లీ మొదటికొచ్చి చదివింది. ఎర్ర పెన్సిలు చేతికందేంత దూరంలోనే ఉంది.

"ఎంత చక్కగా రాసింది," అంది.

సంగతి ఎదురుగానే చెబుతామని ఎనిడ్ జాబు రాస్తే, ఈస్టరు శనివారం మధ్యాహ్నం బండికి మేవిస్ వస్తానంది. మురియెల్ పొద్దున్నే టోపీ పెట్టుకుని కూర్చుంది. ఎనిడ్ పొగచేపలు తెచ్చింది, అల్లం రొట్టె చేసింది, అది మాడితే ఇంకోటి చేసింది. క్లిఫ్ ఏదో పనున్నట్టు స్టేషను చుట్టూ తిరుగుతున్నాడు. "నేను చూడ్డానికి రాలేదు. గడియారం సరిచేసుకోవడానికొచ్చా," అన్నాడు.

బండి ఆగింది. పెట్టె తలుపు తెరుచుకోకముందే గొంతు వినపడింది. "చూసుకుని దిగండి, చూసుకుని! ఆ పెద్దావిడ సంచి ఎవరైనా అందుకోండి! అందరూ దిగారా?" ఆ తర్వాత నీలం కోటులో నిండైన మనిషి ప్లాట్‌ఫారం మీదికి దిగింది. పెద్ద చేతులు, పెద్ద నవ్వు. ఆ నవ్వును ఎనిడ్ చూడగానే గుర్తుపట్టింది. రోజూ అద్దంలో కనిపించే నవ్వే, కాకపోతే రెండింతలు.

"మెసెంజర్ అమ్మాయివి నువ్వేనా?" అంది మేవిస్.

"నీ చెల్లెల్ని!" అని అరిచింది ఎనిడ్. ఎంతో నెమ్మదిగా చెప్పాలని కాగితం మీద రాసుకున్నదంతా గాలికి పోయింది.

"చెల్లెలా? ఓరి దేవుడో! సంతోషకరమైన విషయమంటే ఏ గడియారమో బహుమతి వచ్చిందనుకున్నా!"

ఇద్దరూ ఒకరి భుజాలొకరు పట్టుకుని గిరగిరా తిరిగారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వాళ్లకే తెలియలేదు. మురియెల్ కదల్లేదు. తిరగడం ఆగాక మేవిస్ ఆమె ఎదుట వచ్చి నిలబడింది. మురియెల్ చెయ్యి పైకెత్తి, మేవిస్ జుట్టు మెల్లగా పక్కకు తోసి, ఎడమ చెవి తమ్మెను వేలికొసతో ముట్టుకుంది.

ఆ సమయానికే సామాను మోసే సిడ్ బండి తోసుకుంటూ వచ్చాడు. ఊళ్లో అడగకుండా ఉండలేని మనిషంటూ ఉంటే అతనే. "చుట్టాలా మిసెస్ గార్బట్? ఎవరీవిడ?"

ఎనిడ్ గబుక్కున ఏదో చెప్పబోయింది.

"నా కూతురు," అంది మురియెల్. ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా వినపడేలా అంది, తరగతిలో వెనక బెంచీకి వినిపించే గొంతుతో.

సిడ్ ఎనిడ్ వైపు చూశాడు. "మరి ఈవిడ?"

"ఇదీ నా కూతురే. ఇది చిన్నది, అది పెద్దది. నీకింకేమైనా కావాలా సిడ్?"

చెప్పేశాక ఆమె చెయ్యి దానంతటదే నోటిమీదికి పోయింది. "ఎజ్రా ఏమనుకుంటాడో," అంది.

"నాన్న ఈపాటికి ఊపిరి పీల్చుకుని ఉంటాడు. పద, రొట్టె చల్లారిపోతోంది," అంది ఎనిడ్.

ఊరు ఒక నెల మాట్లాడుకుంది. తర్వాత సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీ వస్తుందనే పుకారు వచ్చి, దాని గురించి మాట్లాడుకుంది. మేవిస్ సెలవు దొరికినప్పుడల్లా భర్తతోనూ, ఒక్కోసారి మనవడితోనూ వచ్చేది. ఆమె కాలు పెట్టగానే ఆ చిన్న ఇల్లు జనంతో కిక్కిరిసిన బస్సులా అయ్యేది. స్వెటరు బిగుతైంది. మురియెల్ కొలత తప్పినందుకు మండిపడి, అంతా విప్పి మళ్లీ అల్లింది. ఆమె ఇంకా తొమ్మిదేళ్లు బతికింది. చివరి రోజుల్లో ఇద్దరు కూతుళ్లూ మంచానికి చెరో పక్క కూర్చుని, ఏ దుప్పటి కప్పాలన్న దానిమీద వాదించుకుంటుంటే కళ్లు మూసుకుని వింటూ ఉండేది.

ఎనిడ్ మెసెంజర్ బల్లను వదల్లేదు. ఏటా అక్టోబరులో మాత్రం వారం సెలవు పెట్టి లీడ్స్ వెళ్లేది. అక్క డ్యూటీ ఉన్న బస్సెక్కి, పై అంతస్తులో అందరికంటే ముందు సీట్లో కూర్చునేది. పేపరు పొట్లంలో వెనిగర్ చల్లిన చేపలూ చిప్సూ తింటూ, ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి.

మేవిస్ మెట్లెక్కి వచ్చి, "టికెట్, టికెట్!" అని కేకేసేది.

"నేనే అక్కా."

"చెల్లెలికి మాత్రం టికెట్ ఉండదా? తియ్ చిల్లర!" అని అందరి ముందూ వసూలు చేసి, పొట్లంలోంచి పెద్ద చేపముక్క లాక్కుని నోట్లో వేసుకుని కిందికి దిగిపోయేది.